కారు ఇంజన్ పదే పదే వేడెక్కుతోందా? ఎప్పుడు వేడెక్కుతోందో ముందు గమనించండి

లింగాలగట్టు వంతెన దాటి సున్నిపెంట వైపు ఘాట్ ఎక్కుతుండగా మా కారు మొదటిసారి ఉడికింది. మే నెల, మిట్టమధ్యాహ్నం, బండిలో నలుగురం, ఏసీ నడుస్తోంది. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగేసరికే బానెట్ అంచుల నుంచి ఆవిరి వస్తోంది. ఆ తర్వాత మూడు నెలల్లో రెండు షెడ్లు తిరిగాను. ఒకచోట థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి చల్లబరిచే ద్రవానికి దారి తెరిచి మూసే కవాటం) తీసేశారు. ఇంకోచోట రేడియేటర్ మార్చారు, కానీ పాత మూతనే తెచ్చి కొత్త రేడియేటర్‌కు బిగించారు. ఊళ్లో తిరిగినంతకాలం బాగానే ఉండేది, ఘాట్ ఎక్కితే మళ్లీ అదే కథ. చివరికి దొరికిన దోషి ఆ మూతే. దాని లోపలి రబ్బరు ఎండి పగుళ్లిచ్చింది. 14,000 రూపాయలు ఖర్చయిన తర్వాత 250 రూపాయల మూతతో బండి బాగుపడింది.

డబ్బు పోయినందుకంటే ఒక విషయానికి నాకు ఎక్కువ బాధ కలిగింది. రెండు షెడ్లలోనూ ‘వేడెక్కుతోంది’ అన్న మాట వినగానే పానా చేతిలోకి తీసుకున్నారు. ‘ఎప్పుడు వేడెక్కుతోంది?’ అని ఒక్కరూ అడగలేదు. ట్రాఫిక్‌లోనా, హైవే మీదనా, ఎత్తు ఎక్కేటప్పుడా, బయలుదేరిన పది నిమిషాలకేనా? కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతోందా, లేదా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. అందుకే ఈ వ్యాసాన్ని విడిభాగాల వారీగా రాయలేదు, లక్షణాల వారీగా రాశాను. మీ బండి ఏ లక్షణం చూపిస్తోందో అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఎర్ర దీపం వెలిగిన ఆ నిమిషంలో

ముందుగా ఏసీ ఆపండి. హీటర్‌ను పూర్తి వేడి వైపు తిప్పి బ్లోయర్ పెద్దది చేయండి. మే నెలలో హీటర్ వేయమనడం వింతగా అనిపించవచ్చు. కానీ హీటర్ లోపల ఉన్నది మరో చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిలో కొంత దాని గుండా బయటికి పోతుంది. కిటికీలు దించి, వీలైనంత త్వరగా పక్కకు ఆపండి.

ఆపాక ఏం చేయాలన్నది మీకు కనిపించేదాన్ని బట్టి ఉంటుంది. ఆవిరి లేదు, కింద కారడం లేదు, ఫ్యాన్ తిరుగుతోంది అంటే ఒకటి రెండు నిమిషాలు ఇంజన్ నడుస్తూ ఉండనివ్వవచ్చు. లోపల కూలెంట్ తిరుగుతూ ఉంటే ఇంజన్ సమానంగా చల్లారుతుంది. అయినా దీపం ఆరకపోతే ఆపేయాలి. ఆవిరి కనిపించినా, కూలెంట్ రోడ్డు మీద పారుతున్నా మాత్రం క్షణం ఆగకుండా ఇంజన్ ఆపేయండి. కూలెంట్ లేని ఇంజన్‌ను ‘ఇంకో రెండు కిలోమీటర్లే కదా’ అని నడిపితే సిలిండర్ల పైన మూతలా ఉండే అల్యూమినియం హెడ్ వంగిపోతుంది. మూత దగ్గర ఆగాల్సిన ఖర్చు ఇంజన్ విప్పే దాకా పోయేది ఆ రెండు కిలోమీటర్లలోనే.

వేడిగా ఉన్న రేడియేటర్ మూతను తెరవవద్దు. లోపల నీరు 100 డిగ్రీలు దాటినా ఒత్తిడి వల్ల మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ఒత్తిడి పోయి మొత్తం ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. గుడ్డ కప్పి తెరిచినా ప్రమాదం తప్పదు. కనీసం 40 నిమిషాలు ఆగండి. ఇంజన్ నుంచి రేడియేటర్ పైభాగానికి పోయే పై హోస్ పైపును పట్టుకుంటే చెయ్యి కాలకుండా, నొక్కితే మెత్తగా ఉండాలి. అప్పుడే మూత ముట్టుకోండి. ఆదుర్దాలో కొందరు ఇంజన్ మీదనే బిందెడు నీళ్లు కుమ్మరిస్తారు. కాలుతున్న లోహం మీద చన్నీళ్లు పడితే పగుళ్లు వచ్చే అవకాశం ఉంది. రేడియేటర్‌లో పోయడమైనా ఇంజన్ చల్లారిన తర్వాతే, నెమ్మదిగా.

లోపల ఏం జరుగుతుందో కొంచెం

ఇంజన్‌లో మండే ఇంధనం ఇచ్చే వేడిలో సుమారు మూడో వంతు కూలెంట్‌లోకి చేరుతుంది. వాటర్ పంప్ ఆ కూలెంట్‌ను తిప్పుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ దారి మూసి ఉంచి, 82 నుంచి 92 డిగ్రీల మధ్య ఎక్కడో తెరుచుకుంటుంది. అప్పుడు కూలెంట్ పై పైపు గుండా రేడియేటర్‌లోకి వెళ్లి, చల్లబడి, కింది పైపు గుండా తిరిగి వస్తుంది. బండి వేగంగా పోతుంటే ఎదురుగాలి చల్లబరుస్తుంది, ఆగి ఉంటే ఫ్యాన్ ఆ పని చేస్తుంది. మూత ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది.

ఇంకో మాట. ఈ కాలపు బండ్లలో వేడి చూపే ముల్లును నమ్ముకుంటే చాలదు. చాలా బండ్లలో కూలెంట్ 80 ఉన్నా 100 ఉన్నా ముల్లు మధ్యలోనే నిలబడేలా తయారీదారులే అమర్చుతారు. అది కదలడం మొదలయ్యేసరికి పరిస్థితి చేయి దాటుతూ ఉంటుంది. చాలా చిన్న కార్లలో అసలు ముల్లే ఉండదు, చల్లగా ఉంటే నీలం దీపం, మితిమీరితే ఎర్ర దీపం, అంతే. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ (ఇంజన్ కంప్యూటర్ సమాచారం చదివే) సాకెట్‌కు తగిలించే చిన్న బ్లూటూత్ పరికరం కొనుక్కుంటే ఫోనులో అసలు అంకె కనిపిస్తుంది. వేసవిలో ఊళ్లో 90 నుంచి 100 దాకా మామూలే. 105 దాటి పైకే పోతుంటే జాగ్రత్త పడాలి. 110 దాటితే ఆగాలి. ఈ సమస్యతో వేగుతున్నవారికి అన్నిటికంటే ముందు దీన్నే కొనమని చెబుతాను.

ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది, రోడ్డెక్కి వేగం అందుకోగానే తగ్గుతుంది

ఇది ఫ్యాన్ సమస్య. నూటికి నూరు పాళ్లు కాకపోయినా మొదటి అనుమానం దాని మీదే పెట్టండి. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఎదురుగాలి ఉండదు, ఉన్నదల్లా ఫ్యాన్ గాలే.

పరీక్ష తేలిక. ఇంజన్ స్టార్ట్ చేసి, బండి నిలిపి ఉంచి, ఏసీ వేయండి. దాదాపు అన్ని బండ్లలో కాసేపట్లోనే ఫ్యాన్ తిరగాలి. ఏసీకి తిరుగుతూ, ఏసీ ఆపి ఇంజన్‌ను వేడెక్కనిచ్చినప్పుడు మాత్రం తిరగకపోతే మోటారు మంచిదే, వేడిని కనిపెట్టే సెన్సారో దాని వైరో చెడిందని అర్థం. రెండు సందర్భాల్లోనూ తిరగకపోతే ముందు ఫ్యూజు చూడండి. తర్వాత రిలే (ఫ్యాన్‌కు కరెంటు వదిలే చిన్న స్విచ్). ఫ్యూజు పెట్టెలో అదే రకం రిలే హారన్‌కో మరోదానికో ఉంటుంది, రెంటినీ అటూ ఇటూ మార్చి చూస్తే తేలిపోతుంది. అప్పటికీ తిరగకపోతే ఫ్యాన్ ప్లగ్ విప్పి నేరుగా బ్యాటరీ నుంచి వైర్లు ఇవ్వండి. అలా ఇచ్చినా తిరగకుంటే మోటారు పోయినట్టే. ఇంజన్ ఆపినా ఫ్యాన్ దానంతట అదే తిరగవచ్చు కాబట్టి వేళ్లు దాని దరిదాపుల్లో పెట్టవద్దు.

రెండు వేగాల ఫ్యాన్ ఉన్న బండ్లలో మరో చిక్కు ఉంది. తక్కువ వేగానికి వాడే రెసిస్టర్ కాలిపోతే ఫ్యాన్ చిన్న వేగంలో అసలు తిరగదు, వేడి బాగా పెరిగాక ఒక్కసారిగా పెద్ద వేగంతో హోరున లేస్తుంది. బండి అలా అరుస్తోందంటే ‘ఫ్యాన్ బాగానే పనిచేస్తోంది’ అనుకోకండి.

ఫ్యాన్ మార్చిన తర్వాత కూడా సమస్య పోలేదా? వైర్లు తారుమారై ఫ్యాన్ వెనక్కి తిరుగుతోందేమో చూడండి. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు ముందు జాలీ దగ్గర ఒక కాగితం పెడితే అది లోపలికి అంటుకుపోవాలి. బయటికి ఎగిరితే ఫ్యాన్ గాలిని తప్పు దిక్కుకు తోస్తోంది. అలాగే ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు స్థానంలో ఉందా అని చూడండి. ఏదో మరమ్మతులో విప్పి, బిగించడం బద్ధకించి పక్కన పడేసిన తొడుగులను నేను రెండు మూడు బండ్లలో గమనించాను. అది లేకపోతే ఫ్యాన్ గాలి రేడియేటర్ మొత్తానికి అందదు.

హైవే మీదా, ఘాట్ మీదా వేడెక్కుతుంది, ఊళ్లో బాగానే ఉంటుంది

పై లక్షణానికి ఇది సరిగ్గా తలకిందులు. గాలికి కొదవ లేదు, కానీ వేడి బయటికి పోవడం లేదు. రేడియేటర్ బయట మూసుకుపోయి ఉండాలి, లేదా లోపల మూసుకుపోయి ఉండాలి, లేదా కూలెంట్ తగినంతగా తిరగడం లేదు.

బయటి సంగతి ముందు చూడండి, ఎందుకంటే దానికి ఖర్చు నీళ్లే. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ముందుంటుంది, రేడియేటర్ దాని వెనక. ఆ రెంటి మధ్య సందులో పురుగులు, ఎండుగడ్డి, బురద, వరికోతల కాలంలో ఎగిరే పొట్టు కలిసి దుప్పటిలా పేరుకుంటాయి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ తళతళలాడుతూ కనిపిస్తుంది, అసలు చెత్త దాని వెనక ఉంటుంది. కడిగేటప్పుడు వీలైనంతవరకు ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాలి. వాటర్ సర్వీసింగ్ గన్‌ను దగ్గరగా పెట్టి పూర్తి ఒత్తిడితో కొడితే సన్నని రేకులు వంగిపోయి గాలి దారి ఇంకా మూసుకుపోతుంది. ముందు జాలీకి దోమతెర, అలంకారపు రేకులు, అదనపు దీపాలు బిగించినవారు ఘాట్ ఎక్కే ముందు అవి తీసేయడం మంచిది.

లోపలి పూడిక మనం చేజేతులా తెచ్చుకునేది. కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోయడం మన రోడ్ల మీద మామూలు అలవాటు. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి గట్టిపడి, వేణ్నీళ్ల బాయిలర్ అడుగున కట్టే తెల్లని సున్నపు పొరలాగే రేడియేటర్ సన్నని గొట్టాల్లో పేరుకుంటాయి. మామూలు నీటికి తుప్పు కూడా తోడవుతుంది. మూత తీసి చూస్తే నీళ్లు ఇటుక రంగులో ఉన్నాయంటే లోపల సగం గొట్టాలు పూడుకుని ఉన్నా ఆశ్చర్యం లేదు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రేడియేటర్ ముఖం అంతా చూసుకుంటూ పోతే పూడిపోయిన చోట్లు చల్లగా తెలుస్తాయి. పూడిక కొద్దిగా ఉంటే రేడియేటర్ ఫ్లష్ మందుతో కడిగించవచ్చు. పాత ఇత్తడి రేడియేటర్లను పైభాగం విప్పి గొట్టాల్లో కడ్డీలు దూర్చి శుభ్రం చేసేవారు. ఇప్పటి అల్యూమినియం రేడియేటర్లకు ప్లాస్టిక్ ట్యాంకులు నొక్కి బిగిస్తారు కాబట్టి, బాగా పూడితే మార్చడమే మార్గం.

కడ్డీ, మందు అన్నాను కాబట్టి పసుపు సంగతి కూడా చెప్పాలి. రేడియేటర్ కారుతుంటే పసుపు పోసే చిట్కా లారీల కాలం నుంచి ఉంది. చిన్న రంధ్రం నిజంగానే మూసుకుంటుంది, అడవి మధ్యలో చిక్కుకున్నవారికి ఊరు చేర్చిందంటే కాదనను. కానీ అది మూసేది రంధ్రాన్ని ఒక్కదాన్నే కాదు. హీటర్ గొట్టాలు, రేడియేటర్ గొట్టాలు, థర్మోస్టాట్ అన్నిటికీ పడుతుంది. సీసాల్లో అమ్మే లీకు మందులకు కూడా ఇదే వర్తిస్తుంది. వాడక తప్పకపోతే ఇంటికి చేరిన వెంటనే వ్యవస్థ మొత్తం కడిగించి, లీకును సరిగా బాగు చేయించాలి.

కింది హోస్ పైపును కూడా చూడండి. ఇది పంప్ లాగే వైపు ఉంటుంది. రబ్బరు మెత్తబడినా, లోపలి స్ప్రింగ్ తుప్పుపట్టి పోయినా, ఇంజన్ వేగం పెంచినప్పుడు పైపు పీల్చుకుపోయి చదునవుతుంది. ఇంకొకరిని యాక్సిలరేటర్ తొక్కమని మీరు పైపును చూడండి.

ఘాట్ మీద మాత్రమే వేడెక్కితే నడిపే పద్ధతి కూడా ఒక కారణం. తిరుమల రెండో ఘాట్ రోడ్డులోనూ, శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కేటప్పుడూ, పెట్రోలు ఆదా అవుతుందని మూడో గేరులో మూలుగుతూ లాక్కెళ్లేవారు చాలామంది. అప్పుడు ఇంజన్ మీద బరువు నిండుగా ఉంటుంది, పంప్ మాత్రం నిదానంగా తిరుగుతుంది. రెండో గేరుకు దించితే ఇంజన్ తేలిగ్గా లాగుతుంది, పంప్ వేగంగా తిరుగుతుంది. నిటారు మలుపుల్లో కాసేపు ఏసీ ఆపండి. క్లచ్ జారుతున్నా, బ్రేకు పట్టేసి చక్రం స్వేచ్ఛగా తిరగకపోయినా ఇంజన్ అదనంగా కష్టపడుతుంది. ప్రయాణం తర్వాత ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ బ్రేకు సంగతి చూడండి.

బయలుదేరిన పది నిమిషాలకే వేడెక్కుతుంది

థర్మోస్టాట్ మూసుకున్న స్థితిలో బిగుసుకుపోయి ఉండవచ్చు. పై పైపు కాలిపోతూ, కింది పైపు, రేడియేటర్ కింది భాగం చల్లగా ఉంటాయి. థర్మోస్టాట్ విప్పి, గిన్నెలో నీళ్లు కాచి, దారంతో వేలాడదీసి చూడండి. దాని మీద ముద్రించిన వేడి దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టాలి. మరిగే నీళ్లలో కూడా తెరుచుకోకపోతే పారేయండి.

దీన్ని పూర్తిగా తీసేసి నడపమనే సలహా మన దగ్గర బాగా వినిపిస్తుంది. ‘మనది వేడి దేశం, దీంతో పనేముంది’ అంటారు. నా బండికి జరిగింది అదే, ఆ సలహా విన్నందుకు ఇప్పటికీ చింతిస్తున్నాను. థర్మోస్టాట్ లేకపోతే ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ ఎక్కువ ఇంధనం పంపుతూ ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ రెండో కొస బైపాస్ దారిని మూస్తుంది. అది తీసేస్తే కూలెంట్‌లో కొంత రేడియేటర్‌కు పోకుండానే తిరిగి ఇంజన్‌లోకి వస్తుంది, అంటే ఎత్తు మీద ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. కొత్త థర్మోస్టాట్ కొని వేయించండి. దాని ధర పెద్ద లెక్కలోది కాదు.

వాటర్ పంప్ పోయినా లక్షణం ఇలాగే ఉంటుంది. పంప్ ఒంటి మీద ఒక చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి సీలు పోతే కూలెంట్ అక్కడి నుంచి చుక్కలుగా కారి రంగు మరక కడుతుంది. బేరింగ్ పోతే గరగరమనే చప్పుడు, ఇంజన్ ఆపి పుల్లీని కదిపితే ఊగులాట తెలుస్తుంది. లోపలి రెక్కలు తుప్పుకు అరిగిపోతే మాత్రం బయటికి ఏమీ కనిపించదు. ఇంజన్ వేడిగా ఉన్నా హీటర్ గాలి చల్లగా వస్తోందంటే కూలెంట్ తిరగడం లేదు, లేదా అడుగంటింది. బెల్టు తెగినా వదులైనా ఇదే గతి, కాకపోతే బ్యాటరీ దీపం కూడా వెలగవచ్చు. పంప్‌ను టైమింగ్ బెల్ట్ తిప్పే ఇంజన్ అయితే పంప్, బెల్టు రెండూ ఒకేసారి మార్చండి, ఎందుకంటే విప్పే కూలే ఎక్కువ.

సర్వీసు చేయించిన తర్వాతే మొదలైంది

ఎయిర్ పట్టింది. కూలెంట్ మార్చినప్పుడో పైపు విప్పినప్పుడో లోపల గాలి బుడగ చిక్కుకుంటే కూలెంట్ అక్కడ ఆగిపోతుంది. ముల్లు పైకీ కిందికీ ఊగుతుంది, డాష్‌బోర్డు వెనక నీళ్లు గలగలమంటున్న చప్పుడు వినిపిస్తుంది, హీటర్ గాలి కాసేపు వేడిగా కాసేపు చల్లగా వస్తుంది. సెన్సారు గాలిలో ఉండిపోతే ముల్లు చల్లగా చూపించే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి ఎర్రగా ఉన్న ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే ఊరట పడకండి, కూలెంట్ మొత్తం పోయి ఉండవచ్చు. గాలి తీసే పద్ధతి చివర చెబుతాను.

కూలెంట్ తగ్గుతోంది, కానీ కారడం కనిపించదు

నా బండి లక్షణం ఇదే కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడతాను.

ముందు మూత. మామూలు మూత 0.9 నుంచి 1.1 బార్ దాకా ఒత్తిడిని నిలుపుతుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీరు కూడా సుమారు 120 డిగ్రీల దాకా మరగదు. రబ్బరు ఎండి మూత ఒత్తిడి నిలపకపోతే, నీరు కలిపిన కూలెంట్ 105 దాటగానే ఉడకడం మొదలుపెడుతుంది. ఊళ్లో 95 దగ్గర ఉండే బండికి ఇది తెలియదు, ఘాట్ మీద తెలుస్తుంది. ఉడికిన కూలెంట్ రిజర్వు డబ్బాలోకి పొంగి, అక్కడి నుంచి రోడ్డు మీద పడుతుంది. మూతలో మరో చిన్న వాల్వ్ ఉంటుంది, ఇంజన్ చల్లారేటప్పుడు డబ్బాలోని కూలెంట్‌ను వెనక్కి పీల్చుకోనిచ్చేది అదే. అది బిగుసుకుపోతే తెల్లవారేసరికి పై హోస్ పైపు చదునుగా నొక్కుకుపోయి, డబ్బా నిండుగా, రేడియేటర్ వెలితిగా ఉంటుంది. మా పైపు రోజూ పొద్దున అలా చదునుగా ఉండటం నేను చూస్తూనే ఉన్నాను, పైపే పాతబడిందనుకున్నాను. కొత్త మూత కొనేటప్పుడు పాతదాని మీద ముద్రించిన అంకెనే చూసి కొనండి. ఎక్కువ ఒత్తిడి మూత వేస్తే ముసలి పైపులు పగులుతాయి.

మూత బాగుంటే ప్రెషర్ టెస్టర్ పరీక్ష చేయించండి. రేడియేటర్‌కు చేతిపంపు తగిలించి, మూత మీది అంకె దాకా గాలి కొట్టి, పావుగంట ఆగుతారు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చేస్తారు కాబట్టి కారేది ఆవిరై మాయం కాకుండా కళ్ల ముందు కనిపిస్తుంది. క్లిప్పుల దగ్గర, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకుల దగ్గర, పంప్ కింద చూడండి. కారు లోపల ముందు సీటు కింద కార్పెట్ తడిగా జిగటగా ఉండి, తీపి వాసన వస్తూ, అద్దం లోపలి వైపు మసక పడుతుంటే హీటర్ గొట్టాలు కారుతున్నాయి. డీజిల్ బండ్లలో ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచేది) లోపల పగిలితే కూలెంట్ పొగలో కలిసి పోతుంది, బయట ఒక్క చుక్క కూడా కనిపించదు.

ఇవేవీ కాకపోతే చివరికి హెడ్ గాస్కెట్, అంటే హెడ్‌కూ దాని కింది ఇంజన్ బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు. ఈ మాట వినగానే భయపడి ఇంజన్ విప్పించవద్దు, ముందు రుజువు అడగండి. ఉదయం చల్లని ఇంజన్‌ను స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై పైపు రాయిలా గట్టిపడిందా? అది వేడి వల్ల కాదు, సిలిండర్‌లోని ఒత్తిడి కూలెంట్‌లోకి దూరుతోంది. రేడియేటర్ నోటి దగ్గరో డబ్బాలోనో ఆగకుండా బుడగలు వస్తున్నాయా? ఇంజన్ పూర్తిగా వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యని వాసనతో తెల్లని పొగ వస్తోందా? విప్పి చూస్తే ఒక స్పార్క్ ప్లగ్ మాత్రం కడిగినట్టు తెల్లగా ఉందా? ఇవి అనుమానాన్ని పెంచుతాయి. నిర్ధారణకు బ్లాక్ టెస్టర్ ఉంటుంది. అందులోని నీలిరంగు ద్రవం గుండా రేడియేటర్ పైన ఉన్న గాలిని పీలుస్తారు. మండిన వాయువు కలిసి ఉంటే పెట్రోలు ఇంజన్లలో ఆ ద్రవం పసుపు రంగుకు మారుతుంది.

ఆయిల్‌లో నీళ్లు కలిస్తే ఆయిల్ మట్టం చూసే గేజి పుల్ల మీద పాలకాఫీ రంగు నురుగు కనిపిస్తుంది. అయితే చలికాలంలో రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండికి ఆయిల్ మూత కింద కొద్దిగా మీగడలాంటిది పేరుకోవడం మామూలే, అది చెమ్మ. అలాగే కూలెంట్‌లో ఆయిల్ కనిపిస్తే ఆయిల్ కూలర్ ఉన్న బండ్లలో ముందు దాన్ని పరీక్షించాలి. ఆయిల్ కూలర్ పోతే హెడ్ విప్పించుకున్నవారు ఉన్నారు.

గాస్కెట్ పోయిందని తేలితే గాస్కెట్ మాత్రమే మార్చి మూసేయనివ్వకండి. వేడికి హెడ్ వంగి ఉంటుంది. దాని మీద స్టీలు బద్ద పెట్టి, సన్నని రేకులుండే ఫీలర్ గేజితో సందు కొలవాలి. చాలా ఇంజన్లకు ఒప్పుకునే వంపు 0.05 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. సరైన అంకె సర్వీసు మాన్యువల్‌లో చూడాలి. అంతకు మించితే ఫేసింగ్ (హెడ్ అడుగును మిషన్ మీద చదును చేయడం) చేయించాలి, పగుళ్లు లేవని ఒత్తిడి పరీక్ష కూడా చేయించాలి. కంపెనీ మార్చమని చెప్పిన హెడ్ బోల్టులను మళ్లీ వాడకూడదు. బోల్టులను చేతి అంచనాతో కాకుండా బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో, చెప్పిన వరుసలో బిగించారా అని దగ్గరుండి చూడండి. అక్కడ తొందరపడితే మూడు నెలల్లో మళ్లీ అదే షెడ్డులో ఉంటారు. ముఖ్యంగా, గాస్కెట్‌ను మొదట కాల్చిన కారణం ఏమిటో కనిపెట్టాలి. ఫ్యానో మూతో అలాగే ఉంటే కొత్త గాస్కెట్ కూడా కాలుతుంది.

ముల్లు వేడి చూపిస్తుంది, ఇంజన్ మాత్రం వేడిగా లేదు

సెన్సారు చెడింది, లేదా దాని ప్లగ్‌లో తుప్పు పట్టింది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో థర్మోస్టాట్ గూడు దగ్గర కొలిచి, ఓబీడీ చూపే అంకెతో పోల్చండి. రెంటికీ చాలా తేడా ఉంటే సెన్సారు మార్చండి. సరిపోల్చకుండా ‘సెన్సారే అబద్ధం చెబుతోంది’ అని మాత్రం ఎర్ర దీపంతో బండి నడపవద్దు.

కూలెంట్ నింపే పద్ధతి

ఏ కూలెంట్ అన్నది బండి పుస్తకంలో చూసి కొనండి, రంగు చూసి కాదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కో కంపెనీ ఒక్కోలా వాడుతుంది. వేర్వేరు రకాలు కలిపితే జిగురులా గడ్డకట్టే అవకాశం ఉంది. కలిపి అమ్మేదాన్ని అలాగే పోయాలి. చిక్కటిదానికి డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం కలపాలి. మన ఊళ్లలో నీళ్లు గడ్డకట్టవు కదా అని కూలెంట్ మానేసేవారికి ఒక మాట: తుప్పును ఆపడం, మరిగే స్థానాన్ని పెంచడం కూడా దాని పనే. ఇక మంచిదని నీళ్లు కలపకుండా చిక్కటి కూలెంటే పోయడం కూడా పొరపాటు. నీటి కంటే అది తక్కువ వేడిని మోస్తుంది. దారిలో గత్యంతరం లేక మామూలు నీళ్లు పోస్తే తప్పేమీ లేదు, ఇంటికి చేరాక మార్పించండి.

నింపేటప్పుడు బండి ముక్కు ఎత్తుగా ఉండేలా ఏటవాలు మీద నిలపండి. ఇంజన్ చల్లగా ఉండాలి, హీటర్ పూర్తి వేడి వైపు తిప్పి ఉండాలి. సన్నని ధారగా పోయండి. గాలి తీసే స్క్రూ ఉంటే బుడగలు లేని ధార వచ్చేదాకా తెరిచి ఉంచండి. మూత తీసి ఉంచే ఇంజన్ స్టార్ట్ చేసి, పై పైపును గుడ్డతో పట్టుకుని మెల్లగా నొక్కుతూ వదులుతూ ఉంటే బుడగలు పైకి వస్తాయి. రేడియేటర్ నోటి మీదికి వంగవద్దు. బుడగలు తగ్గి, పై పైపు వేడెక్కి, హీటర్ నుంచి వేడిగాలి వస్తున్నప్పుడు మట్టం సరిచేసి మూత బిగించండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడవనిచ్చి ఆపండి. మర్నాడు పొద్దున ఇంజన్ చల్లగా ఉండగా మట్టం చూసి, తగ్గినంత పోయండి. ఆ తర్వాత వారం రోజులు రోజూ చూడండి. ఒకసారి కొంచెం తగ్గడం మామూలే, లోపలి గాలి బయటికి వచ్చి ఉంటుంది. రోజూ తగ్గుతుంటే పైన చెప్పిన పరీక్షలకు వెనక్కి వెళ్లాలి.

తీసిన పాత కూలెంట్‌ను మాత్రం వాకిట్లో పళ్లెంలో వదిలేయకండి, కాలువలో పారబోయకండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొద్ది మోతాదుకే వాటి మూత్రపిండాలు దెబ్బతిని చనిపోతాయి. పిల్లలకు కూడా అంతే ప్రమాదం. గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, మీద పేరు రాసి, పాత ఆయిల్ సేకరించే షెడ్డులో ఇవ్వండి.